పసిబిడ్డకు ఏ మందు? ఆరోగ్యశాఖ మంత్రిగారికి గార్లదిన్నె నుంచి ఒక లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ, వైద్య విద్యాశాఖ మంత్రి శ్రీ సత్యకుమార్ యాదవ్ గారికి,



మా గార్లదిన్నె మండలంలో పుట్టిన పసిబిడ్డకు జబ్బు ముదిరితే తీసుకుపోవడానికి రెండు చోట్లున్నాయి. హైవే పట్టుకుని ఇరవై కిలోమీటర్ల పైచిలుకు పోతే అనంతపురం సర్వజన ఆస్పత్రి. అది దాటి ఇంకా పోతే బత్తలపల్లి ఆర్‌డీటీ ఆస్పత్రి. బత్తలపల్లి మీ ధర్మవరం నియోజకవర్గంలోనిదే కాబట్టి ఆ దారి సంగతి మీకు ఒకరు చెప్పనక్కర్లేదు. నేను రాస్తున్నది మందుల గురించి. ఆ దారి ఎక్కకముందే మా ఊళ్లో ఆ బిడ్డ నోట్లో పడే చుక్కల గురించి, దారి చివర ఆస్పత్రిలో డాక్టరు ఎంచుకునే సూదిమందు గురించి.

నేను డాక్టర్‌ని కాదు. రోడ్డు వారన మందుల షాపు పెట్టుకున్న ఫార్మసిస్టుని. ఒక పక్క చీనీ తోటలకు పురుగుమందులు అమ్మే అంగడి, ఇంకో పక్క టీ అంగడి, నడుమ నాది. పెనకచెర్ల, కోటంక, ఇల్లూరు వైపు నుంచి ఆటోల్లో వచ్చేవాళ్లు ఇక్కడే దిగుతారు. చేతిలో చీటీ ఉంటుంది. చాలాసార్లు అది ఆర్‌ఎంపీ, అంటే డిగ్రీ లేని ఊరి వైద్యుడు రాసిన చీటీ. కొన్నిసార్లు చీటీ కూడా ఉండదు, పోయినసారి పక్కింటివాళ్ల బిడ్డకు వాడిన ఖాళీ సీసా ఉంటుంది.

ఒక చీటీ సంగతి చెబుతాను. సెఫిక్సిమ్ డ్రాప్స్, పారాసిటమాల్ డ్రాప్స్, కడుపుబ్బరానికి ఇంకో డ్రాప్స్. "ఎన్ని నెలల బిడ్డప్పా?" అనడిగితే "తొమ్మిది దినాలు సార్" అన్నాడు తండ్రి. "రేత్తిరి నుంచి పాలు తాగల్యా. లేపితే కండ్లు తెరుచ్చాది, మళ్లా పండుకుంటాది. జరమైతే లేదు సార్, ఒళ్లు సల్లగానే ఉండాది." ఆ చివరి మాట ఆయన ధీమాగానే అన్నాడు. నాకు భయం వేసింది ఆ మాటకే. డ్రాప్స్ ఇవ్వకుండా అక్కడి నుంచే 108కు ఫోన్ చేయించాను. అల్మరాలో ఉన్న మందు లేదంటున్నానని ఆయనకు కోపమొచ్చింది. వచ్చినా న్యాయమే, ఎందుకు ఇవ్వనన్నానో చెప్పేంత తీరిక ఆ పూట లేదు.

పెద్దవాళ్లకు ఇన్‌ఫెక్షన్ అంటే ఒళ్లు కాలిపోవాలి. నెలలోపు బిడ్డకు ఆ లెక్క పనికిరాదు. నెత్తురులో బ్యాక్టీరియా చేరినప్పుడు జ్వరం రావచ్చు, రాకుండా ఒళ్లు చల్లబడనూవచ్చు. పాలు లాగకపోవడం, కదిపితేనే కదలడం, నిమిషానికి 60 సార్లు లేదా అంతకు మించి ఊపిరి తీయడం, డొక్కలెగరేయడం, ఫిట్స్ రావడం, ఒంటి వేడి 38 డిగ్రీలకు చేరడం లేదా 35.5 కిందికి పడిపోవడం: వీటిలో ఏది కనబడ్డా తీవ్రమైన ఇన్‌ఫెక్షన్‌గా అనుమానించి ఆస్పత్రికి పంపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. డాక్టర్లు సెప్సిస్ అనేది దీన్నే. తల్లి నుంచి బిడ్డకు అందే యాంటీబాడీల్లో ఎక్కువ భాగం చివరి మూడు నెలల్లోనే చేరతాయి. కాబట్టి నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఆ కాపు కూడా అరకొరే. పొద్దున పాలు మానేసిన బిడ్డ సాయంత్రానికి చేయి దాటిపోవచ్చు.

అలాంటి బిడ్డకు సెఫిక్సిమ్ చుక్కలు వేస్తే ఏమవుతుంది? ఆరు నెలల్లోపు పిల్లలకు ఆ మందు భద్రమని తేలనే లేదు. పైగా పాలే తాగని బిడ్డ కడుపులో చుక్కమందు ఏ మేరకు ఇముడుతుందో ఎవరికి తెలుసు? నెత్తురులోని క్రిమి చావదు. కాని ఆ నాలుగు చుక్కల పుణ్యమా అని రేపు ఆస్పత్రిలో చేసే పరీక్షకు దొరక్కుండా పోవచ్చు. ఇంట్లోవాళ్లేమో మందు పడింది కదా అని ఇంకో రాత్రి చూస్తారు. ఆ రాత్రే కొంప ముంచుతుంది.

ఇక ఆస్పత్రిలో మందు ఎంపిక. నేను ముఖ్యంగా మీతో మాట్లాడాలనుకున్నది ఇదే.

పసిబిడ్డల సెప్సిస్‌కు మొదట వేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది రెండు పాత మందులు: ఆంపిసిలిన్, జెంటామైసిన్. రెండూ 1960లలో వచ్చినవే. ఒకటి బ్యాక్టీరియా గోడ కట్టుకోకుండా చేస్తుంది, రెండోది దాని లోపల ప్రొటీన్ల తయారీని దెబ్బతీస్తుంది. ఖరీదు తక్కువ, దశాబ్దాల వాడుక ఉంది. జెంటామైసిన్ మోతాదు దాటితే మూత్రపిండాలకు, వినికిడికి ముప్పు. అందుకే బిడ్డ బరువును, ఎన్ని వారాలకు పుట్టిందన్నదాన్ని చూసుకుని రోజుకొకసారో, ఒకటిన్నర రోజుకో, రెండు రోజులకో వేస్తారు. ఆ లెక్క తెలిసిన చేతిలో అది మంచి మందు.

అయితే ఆ జోడీ మన బిడ్డల మీద ఇప్పటికీ పనిచేస్తోందా? ధనిక దేశాల్లో నెలలు నిండి పుట్టిన పసివాళ్లకు ఎక్కువగా వచ్చేది గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్. పెన్సిలిన్ జాతి మందుకు అది ఇప్పటికీ లొంగుతుంది. మన దగ్గర బిడ్డల నెత్తురులో దొరుకుతున్నవి వేరే. ఢిల్లీలోని మూడు పెద్ద ఆస్పత్రుల్లో 2011 నుంచి 2014 దాకా 13,530 మంది పసిబిడ్డలను గమనించి చేసిన డెనిస్ అధ్యయనం 2016లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చింది. అందులో ముందు వరసన నిలిచినవి అసినిటోబాక్టర్ 22 శాతం, క్లెబ్సియెల్లా 17 శాతం, ఇ.కోలి 14 శాతం. ఆ అసినిటోబాక్టర్‌లో 82 శాతం, క్లెబ్సియెల్లాలో 54 శాతం అనేక రకాల మందులకు ఒకేసారి మొండికేసినవే. సెప్సిస్ కేసుల్లో దాదాపు మూడింట రెండు వంతులు పుట్టిన 72 గంటల్లోపే బయటపడ్డాయి. అంటే చాలామంది బిడ్డలకు ఈ క్రిములు అంటుకుంటున్నది ఇంటికి పోయాక కూడా కాదు, కాన్పు గదికీ పక్కనున్న వార్డుకూ మధ్యే.

ఈ లెక్క చదివిన ఏ డాక్టరుకైనా చేయి వణుకుతుంది. ఆంపిసిలిన్ రాయడానికి మనసొప్పదు. సెఫోటాక్సిమ్ రాస్తాడు, దానిమీదా నమ్మకం చాలకపోతే మెరోపెనెం, అదీ లొంగకపోతే కోలిస్టిన్. కోలిస్టిన్ మూత్రపిండాలకు చేసే చెరుపు చూసి ఒకప్పుడు చాలామంది పక్కన పెట్టిన మందు, వేరే దిక్కులేక మళ్లీ బయటికొచ్చింది. ఇండియాతో సహా 11 దేశాల్లో 2018 నుంచి 2020 దాకా 3,200 మందికి పైగా పసిబిడ్డలను గమనించిన నియోఆబ్స్ అధ్యయనం 2023లో వెలువడింది. అక్కడి డాక్టర్లు వాడిన మందుల కలయికలు 200కు పైగా తేలాయి. ఒకే జబ్బుకు రెండొందల రకాల వైద్యం! డాక్టర్ల చదువులో లోపముండి ఇలా జరిగిందని నేననుకోను. ఎదుట ఉన్న క్రిమి ఏదో తెలియనప్పుడు తలా ఒక ఊహ చేస్తారు.

ఊహకు మా జనం తోడు. "హై పవర్ మందు వేయండి సార్, ఖర్చుకు ఎనకాడం" అనేది మా వైపు బంధువుల మొదటి మాట. చీనీ కాయలు మండీకి వేసిన డబ్బులో, చీటీ పాడిన డబ్బులో చేతిలో పట్టుకుని వస్తారు. మెరోపెనెం వయల్ ఖరీదైనది కాబట్టి మంచిదనుకుంటారు. ఆంపిసిలిన్‌కు లొంగే క్రిమికి ఆంపిసిలిన్ వేస్తే సరిపోతుంది, మెరోపెనెం అంతకన్నా ఎక్కువ చంపేదేమీ లేదు. అది చేసే అదనపు పనల్లా బిడ్డ పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను ఊడ్చేయడం, ఆ ఖాళీలో మొండి క్రిములకు చోటివ్వడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో యాంటీబయాటిక్‌లను మూడు గుంపులు చేసింది. ఆంపిసిలిన్, జెంటామైసిన్, అమికాసిన్ మామూలుగా వాడుకోదగిన గుంపులో, సెఫోటాక్సిమ్, మెరోపెనెం ఆచితూచి వాడాల్సిన గుంపులో, కోలిస్టిన్ చివరి అస్త్రంగా దాచుకోవాల్సిన గుంపులో ఉన్నాయి. కొన్ని ప్రైవేటు ఆస్పత్రుల బిల్లులు నా దగ్గరికి వస్తుంటాయి, వాటిలో రెండో గుంపు మందు మొదటి రోజునే కనబడుతుంది. క్రిమి ఏదో పట్టే రక్తం కల్చర్ పరీక్ష ఫీజు మాత్రం ఎంత వెతికినా కనబడదు.

రక్తం కల్చర్ అనేది పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు మంత్రిగారూ. యాంటీబయాటిక్ మొదటి డోసు పడకముందు, శుభ్రం చేసిన చర్మం నుంచి ఒక మిల్లీలీటరు రక్తం తీసి సీసాలో వేయాలి. ఆ సీసాను ఒంటి వేడి దగ్గర ఉంచితే, క్రిమి ఉంటే పెరుగుతుంది. మిషన్ ఉన్న చోట ఎక్కువ కేసుల్లో 36 నుంచి 48 గంటల్లో తెలిసిపోతుంది. ఏ మందుకు లొంగుతుందో తేలడానికి ఇంకో రోజో రెండు రోజులో. "అంత సన్న బిడ్డకు నెత్తురు తీస్తారా" అని అవ్వలు గొడవపడతారు. మూడు కిలోల బిడ్డలో సుమారు 240 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది, అందులో ఒక్కటి తీసినందుకు బిడ్డకు వచ్చే లోటు లేదు. ఫలితం కోసం మందు ఆపనక్కర్లేదు. సీసాలో రక్తం పడగానే మందు మొదలుపెట్టేయొచ్చు, గంట కూడా ఆగకూడదు.

కల్చర్ చేస్తే రెండు రకాల మేలు. ఒకటి అందరికీ తెలిసిందే, క్రిమి దొరికితే మందు మార్చుకోవచ్చు. రెండోదాన్ని మనం పట్టించుకోవడం లేదు. క్రిమి దొరక్కపోయి, బిడ్డ పాలు తాగుతూ హుషారుగా ఉంటే, 48 గంటలకు మందు ఆపేయొచ్చు. కల్చర్ లేని చోట ఆ ధైర్యం ఎవరికీ ఉండదు. అనుమానంతో మొదలైన సూది వారం, పది రోజులు సాగుతూనే ఉంటుంది. నెలలు నిండని బిడ్డల్లో కల్చర్‌లో ఏమీ రాకపోయినా రోజుల తరబడి యాంటీబయాటిక్ వేసినప్పుడు పేగు కుళ్లే జబ్బు, మరణాలు ఎక్కువ కనబడ్డాయని విదేశీ ఆస్పత్రుల లెక్కలు ఏనాడో చెప్పాయి.

ఈ సందర్భంలో ఒక మంచి మాట చెప్పాలి. బత్తలపల్లి ఆస్పత్రి డాక్టర్లు తమ ఆస్పత్రిలో యాంటీబయాటిక్‌లు ఎంత ఎక్కువగా రాస్తున్నారో తామే లెక్కగట్టి 2014లో పరిశోధన పత్రంగా ప్రచురించారు. తన ఇంటి లెక్క తానే బయటపెట్టడానికి గుండె కావాలి. పల్లెటూళ్ల నడుమ ఉన్న ఆస్పత్రికి సాధ్యమైన పని రాష్ట్రమంతటికీ ఎందుకు సాధ్యం కాదు? అనంతపురంలో 2000లో వచ్చిన ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, మైక్రోబయాలజీ విభాగం ఉంది. పసిబిడ్డల ప్రత్యేక వార్డైన జిల్లా ఎస్‌ఎన్‌సీయూలో చేరిన ప్రతి అనుమానిత సెప్సిస్ బిడ్డకూ మొదటి డోసుకు ముందు కల్చర్ తీయాలని మీరు ఆదేశమిస్తే, ఆరు నెలలు తిరిగేసరికి మన జిల్లా బిడ్డల్లో ఏ క్రిమి ఎంత ఉందో, దానికి జెంటామైసిన్ పనిచేస్తోందో, అమికాసిన్ పనిచేస్తోందో తెలిసిపోతుంది. ఢిల్లీ పెద్దాస్పత్రుల క్రిములూ కోటంకలో పుట్టిన బిడ్డ క్రిములూ ఒకటే కావాలని లేదు. మన దగ్గర పాత జోడీ ఇంకా పనిచేస్తూ ఉండొచ్చు. అలా అయితే వేల రూపాయల మెరోపెనెం దండగ. పనిచేయకపోతే ఆంపిసిలిన్ మీద పోగొట్టుకునే మొదటి రెండు రోజులు దండగ, ఆ దండగ ప్రాణంతో తీరుతుంది. ఏది నిజమో లెక్కే చెప్పాలి.

నాలాంటివాళ్ల వంతు కూడా ఉంది. సెఫిక్సిమ్, సెఫోటాక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్, మెరోపెనెం ఇవన్నీ హెచ్1 షెడ్యూలులో ఉన్నాయి. 2014 మార్చి 1 నుంచి వీటిని అమ్మిన ప్రతిసారీ రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, ఎంత అమ్మామో రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. ఆ రిజిస్టరు ఎన్ని షాపుల్లో దుమ్ము పట్టి ఉందో మీ డ్రగ్ ఇన్‌స్పెక్టర్లను అడగండి. ఇది రాసినందుకు మా అసోసియేషన్ వాళ్లు నన్ను నాలుగు మాటలంటారు, పడతాను. అన్ని వయసులవాళ్లనూ ఒకే గాటన కట్టకుండా, నెలలోపు బిడ్డకు అర్హుడైన డాక్టరు చీటీ లేకుండా ఏ యాంటీబయాటిక్ అమ్మినా లైసెన్సు పోతుందని ఒక్క కాగితం పంపితే చాలు, సగం షాపులు దారికొస్తాయి.

సెఫ్ట్రియాక్సోన్ గురించి విడిగా చెప్పాలి. మా వైపు ఆర్‌ఎంపీల బ్యాగులో తప్పకుండా ఉండే సూదిమందు అది. పెద్దవాళ్లకు మంచి మందే. పుట్టిన కొత్తలో కామెర్లున్న బిడ్డకు వేస్తే, రక్తంలో ఆల్బుమిన్ పట్టి ఉంచిన పసరును విడగొట్టి మెదడుకు ముప్పు తేగలదు. క్యాల్షియం ఉన్న సెలైన్‌తో కలిస్తే గడ్డలు కట్టి పసివాళ్ల ప్రాణం తీసిన సంఘటనలున్నాయి. మొదటి వారంలో కొంచెమైనా పచ్చబడని బిడ్డలెందరు? లైటు కింద పెట్టాల్సిన బిడ్డకు ఊళ్లో ఈ సూది పడితే ఎవరిది పూచీ?

అలాగని ఊళ్లో ఏ సూదీ వద్దంటే అదీ అన్యాయమే. అభయ్ బంగ్ దంపతులు మహారాష్ట్రలోని గడ్చిరోలిలో చేసిన పని మీకు తెలిసే ఉంటుంది. 39 పల్లెల్లో ఊరి ఆడవాళ్లకే బిడ్డ ఊపిరి లెక్కపెట్టడం, వేడి చూడటం, అవసరమైతే జెంటామైసిన్ సూది వేయడం నేర్పారు. పసిబిడ్డల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్‌లో రాశారు. మన ఆశా కార్యకర్తలు 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో బాలింత ఇంటికి పోవడం ఆ పని నుంచి పుట్టిందే. కేంద్రం 2014లో ఏఎన్ఎంలకూ అనుమతి ఇచ్చింది: సెప్సిస్ అనుమానం ఉన్న బిడ్డకు జెంటామైసిన్ మొదటి సూది వేసి, అమాక్సిసిలిన్ పట్టి పంపవచ్చు. ఇంటివాళ్లు ఎంత చెప్పినా కదలకపోతే ఏడు రోజుల కోర్సు అక్కడే పూర్తిచేయవచ్చు. ఆ అనుమతి వచ్చి పదేళ్లు దాటింది. ప్రతి ఊరి హెల్త్ క్లినిక్‌లో ఈరోజు పసిబిడ్డ మోతాదుకు తగిన జెంటామైసిన్, ఒక మిల్లీలీటరు సిరంజి, బరువుకు ఎంత వేయాలో చెప్పే పట్టిక ఉన్నాయా అని ఒకసారి తనిఖీ చేయించండి.

ముందే సూది వేస్తే కల్చర్ పాడవుతుంది కదా అని మీ నిపుణులు అనొచ్చు. నిజమే. హైవే మీదున్న గార్లదిన్నెలో 108 వెంటనే వస్తే అనంతపురం అరగంట పని, అక్కడే రక్తం తీయొచ్చు. పెనకచెర్ల డ్యాం అవతలి పల్లెలో అర్ధరాత్రి బండి దొరకని తల్లికి ఆ వాదన పనికిరాదు. అక్కడ సూదే ముందు. లెక్కలో ఒక కల్చర్ తప్పితే తప్పనీ, బిడ్డ లెక్కలో మిగలాలి.

ఒక చివరి సంగతి, ఇది మందు కాదు గాని మందుల ఖర్చును తగ్గించేది. మా జిల్లాలో ఏడాదికి పడేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. ఎండాకాలం కొళాయి మూడు రోజులకొకసారి వచ్చే ఊళ్లున్నాయి. కాన్పు గదిలో చేతులు కడుక్కోవడానికి డ్రమ్ములో చెంబు ముంచితే, ఆ చెంబు పట్టుకున్న ప్రతి చేతి క్రిమీ డ్రమ్ములోకే చేరుతుంది. ఆల్కహాల్ రబ్బుకు నీళ్లు అక్కర్లేదు. కోవిడ్ రోజుల్లో ఊరూరా సీసాలు పెట్టాం, ఇప్పుడు కాన్పు బల్ల పక్కనా ప్రతి బిడ్డ మంచం పక్కనా ఒకటి పెట్టలేమా? తల్లి గుండెలకు బిడ్డను ఆనించి ఉంచే కంగారూ పద్ధతిని తక్కువ బరువు బిడ్డలకు పుట్టిన వెంటనే మొదలుపెడితే మరణాలు 25 శాతం తగ్గాయని 2021లో అయిదు దేశాల అధ్యయనం తేల్చింది. అందులో ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆస్పత్రి కూడా ఉంది. సెప్సిస్ అనుమానాలు కూడా తగ్గాయి. బాక్సులో పెట్టిన బిడ్డను పది చేతులు తాకుతాయి, తల్లి రొమ్ము మీదున్న బిడ్డకు తల్లి ఒంటి బ్యాక్టీరియానే ముందు అంటుతుంది.

కాబట్టి అడిగేది ఇంతే. ప్రతి ఎస్‌ఎన్‌సీయూలో మొదటి డోసుకు ముందు కల్చర్ తీయించండి, జననీ శిశు సురక్ష కింద ఆ పరీక్షకు తల్లిదండ్రుల నుంచి పైసా తీసుకోకుండా చూడండి. ఆరు నెలలకొకసారి జిల్లాల వారీగా లెక్క బయటపెట్టండి. బిడ్డల పేర్లూ ఊళ్ల పేర్లూ వద్దు. క్రిమి పేరు, మందు పేరు, నూటికి ఎన్ని లొంగాయి, ఈ మూడు వరసలు తెలుగులో ఒక్క పేజీలో పట్టేస్తాయి. ఆ పేజీ పీహెచ్‌సీ డాక్టరుకు, ప్రైవేటు పిల్లల డాక్టర్లకు, మందుల షాపులకు ఒకేసారి అందాలి. మొదటి పేజీ వచ్చే ఎండాకాలం లోపు అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల నుంచే రావాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు,
గార్లదిన్నె, అనంతపురం జిల్లా.